గాతో అంటే పిల్లి... షెడ్డులో అయితే జాకీ!

మెకానికల్ చదివి స్పానిష్ నేర్చుకుంటే ఏం లాభం? నిఘంటువు చేతులెత్తేసిన చోట మీ ఇంజినీరింగ్ బుర్ర ఎలా పనికొస్తుంది? మొగల్తూరు షెడ్డులో మొదలైన ఒక అనుభవ పాఠం.

మెకానికల్ పట్టా చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. ఈ మాట చదవగానే మీకు ఎక్కడో తగిలితే, ఈ వ్యాసం మీకోసమే. 2019లో బీటెక్ అయ్యాక నాదీ అదే పరిస్థితి. క్యాంపస్‌లో రాలేదు. హైదరాబాద్‌లో గది తీసుకుని తిరిగా, రాలేదు. ఇంతలో కరోనా వచ్చింది. బ్యాగు సర్దుకుని మొగల్తూరు వచ్చేశా.

అప్పటికి మా నాన్న మూడెకరాల రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నారు. మన డెల్టాలో పెంచే వనామీ రొయ్య అసలు మన సముద్రానిది కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. ప్రపంచ మార్కెట్‌లో మనకు గట్టి పోటీ ఇచ్చేది ఈక్వడార్. అక్కడి రైతులు ఏం చేస్తున్నారో చూద్దామని వీడియోలు పెడితే, అన్నీ స్పానిష్‌లోనే. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఖాళీగా ఉన్నా కదా అని ఫోన్లోనే అక్షరాలు మొదలుపెట్టా. ఏడాదిన్నర తిరిగేసరికి చదవడం, రాయడం ఒక మాదిరిగా వచ్చేశాయి.

అప్పుడు దొరికింది నా మొదటి పని. చెరువుల్లో తిరిగే ఏరియేటర్ గేర్‌బాక్స్‌కు సంబంధించిన స్పానిష్ మాన్యువల్, పద్నాలుగు పేజీలు. ఇంగ్లిష్‌లోకి మార్చి ఇవ్వాలి. 'మనం మెకానికల్, పైగా ఏరియేటర్ మన చెరువులోనే ఉంది, ఇదెంత' అనుకున్నా. మూడు రోజుల్లో చేసి పంపేశా. వారం తర్వాత ఎర్ర గీతలతో వెనక్కి వచ్చింది. డబ్బులు సగమే ఇచ్చారు.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతా. మాన్యువల్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. 'షాఫ్ట్ తాలూకు హువేగో పరిశీలించండి. 0,15 మిల్లీమీటర్లు దాటకూడదు' అని దాని భావం. హువేగో అంటే నిఘంటువులో మొదటి అర్థం ఆట. రెండోది సెట్టు, అంటే జత. స్పానర్ల సెట్టును కూడా హువేగో అనే అంటారు. ఆట అని రాస్తే నవ్వుతారని 'షాఫ్ట్ సెట్‌ను పరిశీలించండి' అని రాశా. అలాంటి వాక్యం ఆ మాన్యువల్‌లో ఐదు చోట్ల ఉంది. ఐదు చోట్లా అదే తప్పు.

ఎర్ర గీతలు చూశాక కూడా నాకు సరైన మాట తట్టలేదు. మా మావయ్యకు ఊళ్లో రిపేరు షెడ్డు ఉంది. ఆయిల్ ఇంజన్లు, మోటార్లు, ఏరియేటర్లు అన్నీ బాగుచేస్తాడు. ఆయన దగ్గరకు వెళ్లా.

"మావయ్యా, షాఫ్ట్‌కి సెట్ అంటే ఏంటి?"

"సెట్టేంట్రా? ఏ సెట్టు?"

"0.15 మిల్లీమీటర్లు దాటకూడదంట."

మావయ్య ఏం మాట్లాడకుండా బల్ల మీద విప్పి ఉన్న గేర్‌బాక్స్ దగ్గరకు తీసుకెళ్లాడు. షాఫ్ట్ కొస పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. "ఇదిగో, ఆడతంది చూడు. ఈ ఆట ఎక్కువైతే బేరింగు పోద్ది, సీలు లోంచి ఆయిలు కారద్ది. నీ పుస్తకంలో అడిగింది ఇదే అయ్యుంటది, అబ్బాయ్."

అదే! ఇంగ్లిష్‌లో దాన్ని ప్లే అంటారు. మన ఇంజినీరింగ్ పుస్తకాల్లో యాక్సియల్ ప్లే, ఎండ్ ప్లే అని చదువుకున్నదే. స్పానిష్ వాడు ఆట అన్నాడు, ఇంగ్లిష్ వాడు ఆట అన్నాడు, మా మావయ్య కూడా ఆట అనే అన్నాడు. మధ్యలో నేనొక్కడినే 'సెట్' అన్నా. నాలుగేళ్లు మెకానికల్ చదివి, ఆ మాట చదివేటప్పుడు షాఫ్ట్‌ని కళ్ల ముందు పెట్టుకోలేదు. నిఘంటువు ముందు పెట్టుకున్నా.

ఏమంత పెద్ద తప్పు అనుకోకండి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్ ఆగితే ఏమవుతుందో డెల్టాలో ఎవరిని అడిగినా చెబుతారు. షాఫ్ట్ ఆట చూడమని చెప్పాల్సిన చోట అర్థం లేని మాట రాస్తే, చదివినవాడు ఆ పని వదిలేస్తాడు. ఒక పంట మొత్తం ఆ వాక్యం మీద ఆధారపడి ఉండొచ్చు.

మన మాటలూ తక్కువేం కాదు

స్పానిష్ ఏదో గందరగోళం భాష అనుకునే ముందు మన తెలుగు చూడండి. 'పంపు పంపు' అంటే ఒకటి వస్తువు, ఒకటి ఆజ్ఞ. 'పంపు దగ్గర ఉన్నా' అంటే వీధి కుళాయి దగ్గరో, బోరింగు దగ్గరో, పొలంలో మోటారు దగ్గరో ఊరిని బట్టి మారుతుంది. 'లాకుల దగ్గర దిగు' అని బస్సులో అంటే గోదావరి వాళ్లెవరూ తాళాలు వెతకరు, కాలవ మీద లాకులు వెతుకుతారు. 'మర' అనేది ఇంకా గమ్మత్తు. గాలిమర, బియ్యం మర, మరమేకు... మూడింట్లోనూ మరే ఉంది, వస్తువులు మాత్రం వేరు. తలుపుకు వేసేది తాళంకప్ప, తీసేది తాళంచెవి. అందులో కప్పా లేదు, చెవీ లేదు. ఇక 'ఆడు' సంగతి చెప్పక్కర్లేదు. పిల్లలు ఆడతారు, పిండి ఆడిస్తారు, గాలి ఆడదు, షాఫ్ట్ ఆడుతుంది.

పల్లెల్లో పనిచేసేవాళ్ల నోట ఉండే ఇలాంటి మాటలను పోగుచేయడం ఎంత విలువైన పనో మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. ఒకే పనిముట్టుకు ఊరికో పేరు, ఒకే పేరుకు ఊరికో పనిముట్టు ఉంటాయని అది తిరగేస్తే తెలుస్తుంది.

స్పానిష్ కూడా అంత పరాయిదేం కాదు. దాని చెల్లెలు లాంటి పోర్చుగీసు నుంచి మనకు మేస్త్రీ, పీపా, బొత్తాం, అల్మారా, తువ్వాలు వచ్చాయి. స్పానిష్‌లో అవే మాయెస్త్రో, పీపా, బొతోన్, అర్మారియో, తొవాయా.

ఒక్క మాట... నాలుగు పనిముట్లు

ఇప్పుడు అసలు చిక్కులు చూద్దాం. మెకానికల్ మాన్యువల్స్‌లో తరచూ ఎదురయ్యే మాటలు ఇవి.

యావే: దీనికి తాళంచెవి, స్పానర్, వాల్వు, కుళాయి అని అర్థాలు ఉన్నాయి. కొన్నిచోట్ల కరెంటు స్విచ్చు కూడా. మెకానికల్ విద్యార్థి ఇంకోచోట కూడా పప్పులో కాలేస్తాడు. షాఫ్ట్‌కీ పుల్లీకీ మధ్య దిగ్గొట్టే 'కీ' ఉంటుంది కదా, అది స్పానిష్‌లో యావే కాదు, చావేతా. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే మాట, స్పానిష్‌లో రెండు.

ఏహే: గణితంలో యాక్సిస్, బండి కింద యాక్సిల్, మోటారుకు షాఫ్ట్. మూడింటికీ స్పానిష్‌లో ఇదే మాట. డిజైన్ క్లాసులో చెప్పింది గుర్తు తెచ్చుకోండి: యాక్సిల్ బరువు మోస్తుంది, షాఫ్ట్ టార్క్ అందిస్తుంది. ఆ భాగం చేసే పని తెలిస్తేనే ఇంగ్లిష్ మాట దొరుకుతుంది. భాష ఎంత వచ్చినా, ఆ పని తెలియనివాడు ఇక్కడ ఊహించాల్సిందే.

తోర్నీయో: స్క్రూ, బోల్టు రెండూ. నట్టు పెట్టి బిగిస్తే బోల్టు, నేరుగా భాగంలోకి తిప్పితే స్క్రూ అని సాధారణంగా తేడా చూస్తారు. బొమ్మ చూడకుండా రాయలేరు.

ఆర్బోల్: చెట్టు. ఇంజన్‌లో ఆర్బోల్ దె లేవాస్ అంటే క్యామ్‌షాఫ్ట్. అలాగని ఆర్బోల్ కనబడిన ప్రతిచోటా షాఫ్ట్ అని రాస్తే మళ్లీ తప్పే. ఆర్బోల్ దె ఫాయోస్ అంటే మీరు రిలయబిలిటీలో చదివిన ఫాల్ట్ ట్రీ. అక్కడ చెట్టు చెట్టే.

యాంతా: ఇది దేశం మారితే మారే మాట. స్పెయిన్‌లో చక్రం రిమ్ము. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల టైరు. 'యాంతా మార్చండి' అని ఉంటే, మాన్యువల్ ఏ దేశానిదో తెలియకుండా ఏం మార్చమంటారు?

బేరింగును స్పెయిన్‌లో రోదమియెంతో అంటే మెక్సికో మెకానిక్ బలేరో అంటాడు. గాస్కెట్‌ను ఒకచోట హూంతా అంటే ఇంకోచోట ఎంపాకే. హూంతాకు సమావేశం, అతుకు అనే అర్థాలు కూడా ఉన్నాయి.

షెడ్డులో స్పానిష్

బోంబా: మామూలుగా బాంబు, యంత్రంలో పంపు
గాతో: మామూలుగా పిల్లి, యంత్రాల దగ్గర జాకీ
కామీసా: మామూలుగా చొక్కా, ఇంజన్‌లో సిలిండర్ లైనర్
కార్రేరా: మామూలుగా పరుగు పందెం, పిస్టన్‌కు స్ట్రోక్
మారిపోసా: మామూలుగా సీతాకోకచిలుక, చేత్తో తిప్పే రెక్కల నట్టుకూ, థ్రాటిల్ వాల్వుకూ ఇదే పేరు
పార్: మామూలుగా జత, బిగింపు దగ్గర టార్క్
పాలా: మామూలుగా పార, గాలిమరకు రెక్క
మాచో: మామూలుగా మగ, వర్క్‌షాపులో మర కోసే ట్యాప్

చుక్క చోట కామా, కామా చోట చుక్క

మాటలకన్నా ప్రమాదం అంకెలతో. పైన చెప్పిన 0,15 చూశారు కదా. స్పెయిన్, అర్జెంటీనా, ఈక్వడార్ వంటి చోట్ల దశాంశానికి కామా వాడతారు. వేలకు చుక్క పెట్టే అలవాటు కూడా ఉంది. అంటే 1.750 అని ఉంటే ఒకటి పాయింట్ ఏడు అయిదు కాదు, పదిహేడు వందల యాభై. 1,750 అని ఉంటే ఒకటి పాయింట్ ఏడు అయిదు. మెక్సికోలో మళ్లీ మనలాగే దశాంశానికి చుక్క. టార్క్ విలువ దగ్గర ఇది తారుమారైతే బోల్టు తెగుతుంది, లేదా బిగియనే బిగియదు.

ఇక్కడ మీ చదువు ఎలా కాపాడుతుందో చూడండి. ఈక్వడార్ కోసం రాసిన మాన్యువల్‌లో మోటారు వేగం '1.750' అని ఉందనుకోండి. నాలుగు పోల్స్ ఉన్న ఇండక్షన్ మోటారుకు సూత్రం మీకు తెలుసు: 120ని ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్స్‌తో భాగించాలి. ఈక్వడార్‌లో కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి 1800 వస్తుంది. స్లిప్ పోగా 1750 దగ్గర తిరుగుతుంది. లెక్క సరిపోయింది, చుక్క అంటే వేలే. అదే మోటారు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద 1500లోపే తిరుగుతుంది. ఈ సంగతి గమనించిన అనువాదకుడు తనంతట తాను 1750ని 1450గా మార్చకూడదు. మూలంలో ఉన్న అంకె అలాగే రాసి, 'ఇది 60 హెర్ట్జ్‌కు రాసినది, చూసుకోండి' అని కంపెనీకి విడిగా చెప్పాలి. ఆ ఒక్క లైను మీ విలువ పెంచుతుంది.

అశ్వశక్తి దగ్గర కూడా ఇలాంటిదే. స్పానిష్‌లో సీవీ అని కనిపించేది మెట్రిక్ హార్స్‌పవర్, 735.5 వాట్లు. మనం హెచ్‌పీ అనేది 745.7 వాట్లు. ఒకటి రెండు గుర్రాలకు తేడా తెలియదు. వంద గుర్రాల మోటారుకు ఒక కిలోవాట్ తేడా వస్తుంది. ఇక బియ్యోన్ అని చూసి బిలియన్ అనుకుంటే వెయ్యి రెట్లు తప్పు. స్పానిష్ బియ్యోన్ అంటే మన లక్ష కోట్లు.

తేల్చుకునేది ఎలా?

ఆ మొదటి దెబ్బ తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నా. అనుమానం వచ్చిన ప్రతి మాటకూ ఐదు ప్రశ్నలు వేసుకుంటా.

1. పక్కన ఉన్న క్రియ ఏంటి? యావేని 'మూయండి' అంటే అది వాల్వు. 'యావేతో బిగించండి' అంటే స్పానర్. 'యావే తీసి జేబులో పెట్టుకోండి' అంటే తాళంచెవి.

2. యూనిట్ ఏంటి? పార్ పక్కన న్యూటన్ మీటర్లు ఉంటే టార్క్, యూనిట్ లేకుండా రెండు వస్తువులు ఉంటే జత. హువేగో పక్కన మిల్లీమీటర్లు ఉన్నాయంటే అది సెట్టు కాదు. నేను మొదటిసారి ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నా చాలు, డబ్బులు పోయేవి కావు.

3. బొమ్మలో ఏముంది? బొమ్మలో నంబరు, భాగాల జాబితాలో నంబరు కలిపి చూడాలి. బొమ్మలు లేకుండా ఉత్త ఫైలు పంపితే, బొమ్మలు అడగాలి.

4. ఏ దేశానిది? కంపెనీ చిరునామా, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, కామా చుక్కల వాడకం... ఇవన్నీ చెప్పేస్తాయి.

5. ఇంకా తేలలేదా? అడగాలి. మీరు ఏమనుకుంటున్నారో, ఎందుకు అనుకుంటున్నారో రెండు లైన్లలో రాసి అడగాలి.

ఐదోది దగ్గరే మన కుర్రాళ్లందరం ఆగిపోతాం. అడిగితే 'వీడికి రాదు' అనుకుంటారని భయం. క్లాసులో చెయ్యెత్తని అలవాటు ఇక్కడి దాకా వస్తుంది. నాకూ ఉండేది. ఆ తర్వాత వేరే సంస్థ నుంచి ఒక విడిభాగాల జాబితా వచ్చింది. 212 వరుసలు. ఒక వరుసలో ఉత్త 'యావే, 1' అని ఉంది. వాక్యం లేదు, క్రియ లేదు, యూనిట్ లేదు. ఇంతకుముందయితే ఏదో ఒకటి రాసేసేవాణ్ని. ఈసారి మెయిల్ పెట్టా. 'పై వరుసలో ఆయిల్ గొట్టం, కింది వరుసలో గొట్టం బిగింపు ఉన్నాయి కాబట్టి ఇది వాల్వు అనుకుంటున్నా. పరికరాల జత అయితే స్పానర్ కావాలి. బొమ్మ పంపగలరా?' అని రాశా. పంపాక రాత్రంతా నిద్ర పట్టలేదు. పని పోయిందనే అనుకున్నా.

మర్నాడు బొమ్మతో పాటు జవాబు వచ్చింది. అది వాల్వే. కింద ఇంకో లైను ఉంది: ఇకనుంచి ఈ యంత్రాల పనులన్నీ మీకే పంపుతాం అని. ఇప్పటికీ వాళ్లతో పనిచేస్తున్నా.

తప్పు చిన్నదే, నష్టం?

అనువాదంలో ఊహ ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే నిజమైన కేసులు ఉన్నాయి. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాణ్ని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. స్పానిష్ మాట్లాడే ఇంటివాళ్లు 'ఇంతోక్సికాదో' అన్నారు. తిన్నదేదో పడలేదు అని వాళ్ల భావం. ఇంగ్లిష్‌లో దానికి దగ్గరగా వినిపించే మాటను బట్టి మత్తుమందు ఎక్కువైందని వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. ఆ కుర్రాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. పరిహారం సుమారు 7.1 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది.

2006, 2007లో బెర్లిన్‌లో ఒక ఆసుపత్రిలో 47 మందికి కృత్రిమ మోకాళ్లు తప్పుగా అమర్చారు. సిమెంటు వేసి బిగించాల్సిన రకం మీద ఇంగ్లిష్‌లో ఉన్న మాటను 'సిమెంటు అక్కర్లేనిది' అని అర్థం చేసుకున్నారు. ఒక మనిషికి మోకాలు కూడా బిగింపు ఉన్న మెకానికల్ భాగమే కదా.

కంప్యూటర్ చేసేయదా?

ఇది మీరు తప్పకుండా అడుగుతారు. చేస్తుంది. పూర్తి వాక్యాలు ఇస్తే చాలావరకు బాగానే చేస్తుంది. నేనూ వాడతా. కానీ యంత్రానికి పట్టు చిక్కేది చుట్టూ ఉన్న వాక్యాన్ని బట్టే. 'యావే, 1' అని ఒక్క మాట ఇస్తే దానికీ ఊహ తప్ప దారి లేదు. పైగా తడబాటు లేకుండా చెబుతుంది. నేను మొదటిసారి చేసినట్టే. అది చేసినదాన్ని యంత్రం తెలిసిన మనిషి దిద్దాలి. ఆ దిద్దుబాటు పనికి 2017 నుంచి ఐఎస్ఓ 18587 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. భాష మాత్రమే తెలిసినవాళ్ల పని తగ్గొచ్చు. భాషతో పాటు షాఫ్ట్‌ కూడా తెలిసినవాళ్ల అవసరం మిగిలే ఉంటుంది.

అవకాశాలు ఎక్కడ?

స్పానిష్ ఇరవై దేశాల భాష. ఐరోపా యూనియన్‌లో అమ్మే యంత్రానికి ఆ దేశపు అధికార భాషలో సూచనలు ఇచ్చి తీరాలని 2006 నాటి యంత్రాల నిబంధన చెబుతుంది. అనువాదమైతే అది అనువాదమని పైన రాయాలి కూడా. దాని స్థానంలో కొత్త నిబంధన 2027 జనవరి 20 నుంచి అమల్లోకి వస్తుంది. అంటే అనువాదం అక్కడ దయతో ఇచ్చే పని కాదు, చట్టం అడిగే పని.

మన దగ్గర చూస్తే, స్పెయిన్ మూలాలున్న గమేసా సంస్థ నెల్లూరు జిల్లాలో గాలిమర రెక్కల ఫ్యాక్టరీ పెట్టింది. మన వాయుసేన కోసం 56 సీ295 విమానాలకు 2021లో ఒప్పందం కుదిరింది. 16 స్పెయిన్‌లోని సెవిల్‌లో, 40 గుజరాత్‌లోని వడోదరలో తయారవ్వాలన్నది ఒప్పందం. ఇలాంటి చోట ప్రతి ఉద్యోగికీ స్పానిష్ కావాలని కాదు. ఇద్దరు అభ్యర్థులు సమానంగా ఉన్నప్పుడు అది మీ వైపు తూకం మొగ్గేలా చేస్తుంది. ఇవి కాక సాంకేతిక అనువాదం, దిద్దుబాటు, ఎగుమతుల పత్రాలు, లాటిన్ అమెరికా వినియోగదారులకు సర్వీసు సహాయం... ఇవన్నీ దారులే.

ఒక నిజం కూడా చెప్పాలి. మొదటి ఏడాది పనులు తక్కువే వస్తాయి. ఫ్రీలాన్స్‌లో ఎక్కువగా మాట లెక్కన డబ్బులిస్తారు. నెలకు ఇంత అని ఎవరైనా ముందే హామీ ఇచ్చి కోర్సు ఫీజు అడిగితే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నేను మొదటి ఏడాదిన్నర నాన్నతో చెరువు పని చూసుకుంటూనే ఇది చేశా.

ఎక్కడ నేర్చుకోవాలి?

హైదరాబాద్‌లోని ఇఫ్లూలో స్పానిష్ చదువులు ఉన్నాయి. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఉంది. సర్టిఫికెట్ కావాలంటే డెలే పరీక్ష రాయొచ్చు. ఎ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలు, ఒకసారి పాసైతే దానికి గడువు లేదు. సీలే అనే ఇంకో పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, అది ఐదేళ్లు చెల్లుతుంది. మాన్యువల్స్ చేయాలంటే కనీసం బీ2 స్థాయి పట్టు ఉండాలని నా అనుభవం.

అనువాద సేవలకు ఐఎస్ఓ 17100 అని 2015 నాటి ప్రమాణం ఉంది. దాని ప్రకారం అనువాదంలో డిగ్రీ ఉండొచ్చు. లేదా వేరే డిగ్రీతో పాటు రెండేళ్ల పూర్తికాలపు అనువాద అనుభవం ఉండొచ్చు. డిగ్రీ లేకుంటే ఐదేళ్ల అనుభవం. అంటే మీ బీటెక్ ఇక్కడ వృథా పోదు. ఒకరు చేసిన అనువాదాన్ని రెండో మనిషి మూలంతో పోల్చి చూడాలన్న నియమం కూడా ఇందులో ఉంది. కాబట్టి తొలి రోజుల్లో మీ పని ఎర్ర గీతలతో వస్తే కుంగిపోకండి. అది అవమానం కాదు, పద్ధతి.

డబ్బు ఖర్చు లేకుండా మొదలుపెట్టడానికి కొన్ని ఉన్నాయి. ఒమేగాటీ అనే ఉచిత అనువాద సాఫ్ట్‌వేర్. ఐరోపా యూనియన్ పదకోశం ఐయేట్. విద్యుత్ పదాలకు ఎలక్ట్రోపీడియా. వీటన్నింటికన్నా మంచి గురువు ఒకటుంది: రెండు భాషల్లో ఉన్న ఒకే మాన్యువల్. ఐరోపాలో అమ్మే పంపులు, మోటార్లు, బేరింగుల కంపెనీలు చాలావరకు రెండు భాషల్లోనూ వెబ్‌సైట్లో పెడతాయి. పక్కపక్కన పెట్టుకుని రోజుకు ఒక పేజీ చదవండి.

ఈ ఆదివారం చేయాల్సిన పని

ఒక నోటుపుస్తకం తీసుకుని మీ ఊరి షెడ్డుకు వెళ్లండి. మోటారు రివైండింగ్ అయినా, ట్రాక్టరు రిపేరు అయినా, బైకు మెకానిక్ అయినా సరే. ఇరవై భాగాల పేర్లు అడిగి రాసుకోండి. ఆయన ఏమంటాడో అదే రాయండి, పుస్తకంలో పేరు కాదు. ఆ భాగం ఏం చేస్తుందో, పాడైతే ఏమవుతుందో ఒక్కో లైను రాయండి. పక్కన ఇంగ్లిష్ మాట, దాని పక్కన స్పానిష్ మాట పెట్టండి. స్పానిష్ గడి మొదట్లో ఖాళీగా ఉంటుంది, పర్లేదు. ఇరవై వారాలకు నాలుగు వందల మాటలవుతాయి. నాలుగు వందల భాగాలను చూసి, పట్టుకుని, పని తెలిసి రాసిన పదకోశం మీ సొంతమవుతుంది. ఇంటర్‌వ్యూలో సర్టిఫికెట్ల ఫైలుతో పాటు అది బల్ల మీద పెట్టి చూడండి.

మొన్న సంక్రాంతికి మావయ్య షెడ్డుకు వెళ్లినప్పుడు ఆయన ఒక గేర్‌బాక్స్ విప్పుతున్నాడు. నన్ను చూసి షాఫ్ట్ కదిపి, "ఏరా, దీన్ని వాళ్లేమంటారన్నావు?" అన్నాడు.

"హువేగో."

ఆయన ఇంకోసారి కదిపి చూశాడు. "దీనికి హువేగో ఎక్కువైంది. బేరింగు మార్చాలి" అని స్పానర్ అందుకున్నాడు.